ముందుసభలో సన్యాసమ్మ కుర్చీ

నీలగుంటపాలెం తియ్యనీళ్ల కర్మాగారానికి మేనేజరు లేడు. ఒకప్పుడు ఉండేవాడు. కంపెనీ దివాలా తీసి చేతులెత్తేసిన ఏడు ఆయన కారెక్కి వెళ్లిపోయాడు, తన తిరుగుడు కుర్చీ మాత్రం వదిలేశాడు. ఇప్పుడు దాని మీద పిల్లి పడుకుంటుంది. చుట్టుపక్కల బావులన్నీ ఉప్పుబారి పాతికేళ్లయింది. డెబ్బై రెండుమంది పనివాళ్లు పదకొండేళ్లుగా సముద్రాన్ని వడగట్టి నలభై వేలమందికి మంచినీళ్లు ఇస్తున్నారు. చూడటానికి వచ్చినవాళ్లందరూ అడిగేది ఒకటే, పెద్దంటూ లేకుండా పనెలా సాగుతుందండీ అని. సాగుతుంది. ఎలాగో తెలియాలంటే అమావాస్య మర్నాడు రావాలి.

అమావాస్య పోటుకి సముద్రం అడుగునున్న ఇసకంతా పైకి లేస్తుంది. ఆ నీళ్లు లాగితే గొట్టాలు పాడైపోతాయి కాబట్టి పొద్దున్న తొమ్మిది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా పంపులు ఆపేస్తారు. ఆ నాలుగు గంటలే వాళ్ల సభ. ఏ పని ఎవరిది, ఎవరు దేన్ని నిర్ణయించవచ్చు, ఏ కట్టుబాటు మార్చాలి, అన్నీ అక్కడే తేలాలి.

సభకి తయారవడానికి ఒక పద్ధతుంది. నెల రోజుల్లో తన పనికి ఏ ముల్లు గుచ్చుకుందో చూసుకుని అట్టముక్క మీద మూడు మాటల్లో రాసుకురావాలి. ఏం గుచ్చుకుంటోంది, దానివల్ల ఏ పని కుంటుతోంది, ఏం మార్చమంటావు. ఎవరి ముల్లు వాళ్లే తేవాలి, పక్కవాళ్లది తేకూడదు. ఓట్లుండవు. అట్ట చదివాక డెబ్బై రెండుమందినీ వరసగా అడుగుతారు, అభ్యంతరం ఉందా అని. ఉందన్నవాళ్లు పనికి ఏం చెరుపో చెప్పాలి. ఎవరికీ లేకపోతే ఆ మార్పు ఆ క్షణం నుంచే అమలు.

వినడానికి ముచ్చటగానే ఉంది కానీ కొన్నేళ్ల కిందటిదాకా ఆ సభలు చూడాల్సింది. సగం సగం రాసిన అట్టలు పట్టుకొచ్చేవాళ్లు. ముల్లు చెప్పవయ్యా అంటే మూడు తరాల కథ ఎత్తుకునేవాళ్లు. ఒక అమావాస్యకి వాదులాటలో పడి ఒంటిగంటకి పంపులు వెయ్యడమే మరిచిపోయారు. ఊరికి రోజున్నర చుక్క నీళ్లు లేవు. బిందెలతో గేటు ముందు నిలబడ్డ ఆడవాళ్లు తిట్టిన తిట్లు కర్మాగారంలో ఇప్పటికీ కొందరికి కంఠతా వచ్చు.

ఆ తిట్లు తిన్నవాళ్లలో కౌముది ఒకతె. అప్పటికి ఆమె అక్కడ చేరి ఏడాది. అక్కడ గొట్టాలు కడిగే సన్యాసమ్మ కోడలు. విశాఖపట్నంలో యంత్రాలకి మాటలు నేర్పే చదువు చదివి, లారీ నడిపే త్రినాథ్‌ని చేసుకుని, అత్తగారు పనిచేసే చోటే చేరింది. ఆ రోజు బిందెల మధ్య నిలబడి ఆమె అనుకుంది, వీళ్లకి తెలివి తక్కువ కాదు, తయారవడానికి చోటు లేదు, అంతే. మూడేళ్లు కూర్చుని ఆ చోటు తయారుచేసింది. దాని పేరు ముందుసభ.

పాత మందుల గది అది. గుండ్రంగా డెబ్బై రెండు మడతకుర్చీలు, ఒక్కోదాని వీపుకి నిమ్మకాయంత స్పీకరు. కంపెనీ పోయినప్పటి నుంచి జరిగిన సభల టేపులు, పని పుస్తకాలు, ఎవరు ఎప్పుడు దేనికి ఏమన్నారో అంతా ఆ యంత్రం నమిలి మింగింది. అమావాస్యకి నాలుగు రోజుల ముందు నీ అట్ట తెచ్చి అక్కడ చదువుకోవచ్చు. మనుషులు లేని కుర్చీలు ఆ మనుషుల గొంతులతోనే ప్రశ్నలు వేస్తాయి, అభ్యంతరాలు చెబుతాయి. ఆ తరవాత నీ మార్పు అమలైతే రాబోయే ఆరు నెలలూ ఎలా నడుస్తాయో పావుగంటలో వినిపిస్తుంది.

సభ నడిపే గౌరునాయుడు మొదటిరోజు వచ్చి తన కుర్చీ దగ్గడం విన్నాడు.

"నాను ఇలగ దగ్గుతానేటమ్మా?"

"ఇంతకన్నా ఎక్కువే దగ్గుతావు మావయ్యా. కాస్త తగ్గించి పెట్టాను."

ఆయన మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్లాడు. ముందుసభ చేసిన మొదటి ఉపకారం అదే.

పంపుల దగ్గర పనిచేసే రెహానా ఒక అట్ట తెచ్చింది. వడపోత జల్లెళ్లు తోమడం తన పనికి అడ్డొస్తోంది, ప్రయోగశాలవాళ్లకి ఇవ్వండి అని. ప్రయోగశాల కుర్చీలు ససేమిరా అన్నాయి. గోదాంవాళ్లకి ఇమ్మంది. గోదాం కుర్చీలూ ఒప్పుకోలేదు. అప్పుడు యంత్రమే ఒక సలహా ఇచ్చింది, సన్యాసమ్మకి ఇస్తే అభ్యంతరం రాదని. రోజుకి పది నిమిషాల పని కదా అనుకుని రెహానా అట్ట మార్చింది. అమావాస్య మర్నాడు సభలో అసలు సన్యాసమ్మ కూడా అచ్చం కుర్చీలాగే, "నాకేటి, అబ్యంతరం లేదు" అంది. నాలుగు నిమిషాల్లో పని తేలిపోయింది.

అలా పద్నాలుగు నెలలు. సభలు రెండు గంటలకి దిగాయి. మిగిలిన రెండు గంటల్లో జనం పకోడీలు వేసుకుని తినడం మొదలుపెట్టారు. పై ఊళ్ల నుంచి మనుషులొచ్చి గది చూసి, కౌముదికి దండం పెట్టి వెళ్లేవాళ్లు. ఆమె కాస్త పొంగిపోయింది, దాపరికమెందుకు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో కొయ్యింగ చేపల పులుసు. త్రినాథ్ లారీ మీద వెళ్లాడు, అత్తాకోడళ్లిద్దరే. కౌముది కంచంలోంచి తల ఎత్తేసరికి సన్యాసమ్మ చెంచాతో తింటోంది.

చెంచాతో తినేవాళ్లని చూస్తే సన్యాసమ్మ ఆటపట్టించకుండా వదిలేది కాదు. పెళ్లైన కొత్తలో కౌముది చేతిలో చెంచా చూసి, "ఆసుపత్రి నుంచొచ్చేవేటమ్మీ" అన్న మనిషి.

"ఏంటత్తా, చెంచా?"

"ఏటీ లేదు. బాగుందని."

"చెయ్యి చూపించు."

"తిన్నీ ముందు. సల్లారిపోద్ది."

కౌముది లేచి వెళ్లి చెయ్యి పట్టుకుంది. కుడిచేతి వేళ్ల కొసలు సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నాయి. తోలు పొరలు పొరలుగా లేచిపోయింది, చూపుడువేలు మొదలుదాకా పగిలింది.

"నొప్పిగా ఉందా?"

"నొప్పుంటే బాగుణ్ను. ఏటీ తెల్డం లేదు" అంది సన్యాసమ్మ నెమ్మదిగా.

కౌముది ఆ చెయ్యి వదల్లేదు. ఆ వేళ్లు మామూలు వేళ్లు కావు. ఉప్పుని ఆపే పొర ఉండే గొట్టాలని నెలకోసారి ఆసిడ్ నీళ్లతో కడగాలి. కడిగాక లోపలి రబ్బరు చుట్టు సరిగ్గా కూర్చుందో లేదో చూడాలి. ఏ మీటరూ పట్టుకోలేని వెంట్రుకవాసి సందుని సన్యాసమ్మ వేలితో తడిమి పట్టేది. తొడుగు ఉంటే తెలియదని కుడిచేతి తొడుగు తీసేసేది. పదకొండేళ్లలో ఆవిడ చూసి పంపిన గొట్టం ఒక్కటీ కారలేదు. రోజుకి పన్నెండు గొట్టాలంటే ఆ చెయ్యి తట్టుకునేది.

"ఇప్పుడు రోజుకి ఎన్ని కడుగుతున్నావు?"

"ముప్పై. ముప్పైరెండు. ఎవులు లెక్కెట్టేరు?"

కౌముది ఎంగిలి చెయ్యి కడుక్కుని తిన్నగా కర్మాగారానికి వెళ్లింది. గోడ మీద పనుల జాబితా ఉంటుంది. ఎవరి వరస వాళ్లు చూసుకుంటారు తప్ప పక్కవాళ్ల వరస ఎవరూ చదవరు. అందరి పేర్ల ఎదుటా మూడో నాలుగో పనులున్నాయి. సన్యాసమ్మ పేరు ఎదుట ఇరవై ఏడు. ఒక్కోటీ పది నిమిషాలది, పావుగంటది, వేరేవాళ్లు కడగాల్సిన గొట్టాలు కూడా కొన్ని కొన్నిగా అందులో చేరాయి. ఏ ఒక్కటీ అన్యాయం కాదు. ఇరవైమందికి పైగా మంచివాళ్లు, ఎవరూ మొత్తం లెక్కపెట్టకుండా, ఒకే మనిషి నెత్తిన పెట్టారు. ఆ మనిషిని చూపించింది ముందుసభ.

ఆమె గదిలోకి వెళ్లి ఒక అబద్ధపు అట్ట చదివింది. రోజుకి అరవై గొట్టాలు, కడిగే పనంతా సన్యాసమ్మ ఒక్కతే చెయ్యాలి. కుర్చీలు రెండు మూడు ప్రశ్నలడిగాయి. గౌరునాయుడి కుర్చీ దగ్గింది. ఆఖరున తలుపు పక్క కుర్చీలోంచి అత్తగారి గొంతు నవ్వుతూ వచ్చింది, "నాకేటి, అబ్యంతరం లేదు." పదకొండు నిమిషాల్లో ఆమోదం.

ఆరు నెలలు నడిపించమంది కౌముది. గొంతులు గబగబా కదిలాయి. మొదటి నెల, రెండో నెల, మూడో నెల. నాలుగో నెల సభలో వరస తలుపు పక్క కుర్చీ దగ్గరికొచ్చి ఆగింది. అందులోంచి ఏమీ రాలేదు. రెండు క్షణాలు చూసి యంత్రం తరవాతి అట్టకి వెళ్లిపోయింది. చివర్లో కాగితం బయటికొచ్చింది. నీళ్ల సరఫరాకు అంతరాయం లేదు, సన్యాసమ్మ పని ఏడుగురికి పంచబడింది, అని ఉంది దాని మీద.

కౌముది ఆ కాగితం పట్టుకుని నేల మీద కూలబడి ఏడ్చింది. దండాలు పెట్టించుకున్నదీ తనే, ఇదీ తనే. కాసేపటికి కళ్లు తుడుచుకుని గది వాడకం పుస్తకం తిరగేసింది. కొద్దిరోజులుగా భోజనాల వేళ ఎవరో గది తీస్తున్నట్టుంది, పేరు మాత్రం రాయలేదు. అప్పుడామెకి దాని మీద ధ్యాస లేదు.

ఆమె వెళ్లి చెప్పిందంతా విని గౌరునాయుడు చేతిలోని పుస్తకం మూసి పక్కన పెట్టాడు.

"అది మీయత్త ముల్లమ్మా. నువ్వు తేడానికి లేదు."

"మనిషి చేతులు పోతుంటే కట్టుబాటేమిటి మావయ్యా?"

"ఆ కట్టుబాటు ఎందుకెట్టుకున్నామో సెప్తాను ఇను. కంపెనీ ఉన్నన్నాళ్లూ మా మంచి ఆల్లే సూసేరు. మాకేటి నొప్పో ఆల్లే సెప్పేరు, మందూ ఆల్లే ఏసేరు. మా నోరు మాకొచ్చింది ఆల్లు పోయేకే. మీయత్త బదులు నువ్వు మాటాడితే, ఆ గదికీ నీకూ తేడా ఏటి?"

ఆయన కుర్చీలోంచి లేస్తూ అన్నాడు, "నీ ముల్లేదో నువ్వు తే."

ఆ సాయంత్రం సన్యాసమ్మ వీధి అరుగు మీద కూర్చుని వేళ్లకి కొబ్బరినూనె రాసుకుంటోంది. కౌముది పక్కన కూర్చుని నూనెగిన్నె తను తీసుకుంది.

"అత్తా, ఒక్కసారైనా ఎందుకు ఉందనవు? ఇన్నేళ్లలో ఒక్కసారి?"

సన్యాసమ్మ కోడలి చేతిలో చెయ్యి పెట్టి వీధికేసి చూసింది.

"కంపెనీ పోయిన ఏడు మొదటి సభైంది. మనవే నడపాలా వద్దా అని. నా వొంతు ఆకర్న వొచ్చింది. కడుపులో ఒకటే బయం. గొట్టం పేలితే మనల్ని జైల్లో ఎడతారేమో, సదువుకున్నోలు లేరు, ఎలగ అని. ఉంది అందావని నోటిదాకా వొచ్చింది. నా ముందర డెబ్బై ఒక్కరు లేదనేసినారు. బయట సూస్తే బిందెలు. లేదన్నాను. అనగానే పంపేసినారు, నీల్లొచ్చినాయి." ఆవిడ నవ్వింది. "అప్పట్నించి నాను ఉందంటే పంపాగిపోద్దని బయం. పిచ్చి బయమే. తెల్సు నాకు."

కౌముది సంచిలోంచి ఖాళీ అట్టముక్క తీసి అత్తగారి ఒళ్లో పెట్టింది. సన్యాసమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, లోపలికెళ్లి పోపులడబ్బా కింద దాచింది. ఇక అది అక్కడే ఉంటుందని కౌముది అనుకుంది.

అమావాస్య మర్నాడు తొమ్మిదికి పంపులాగాయి. కర్మాగారంలో ఎప్పుడూ ఉండే ఆ రొద ఆగేసరికి సముద్రం హోరు వినబడింది. జనం వచ్చి కూర్చున్నారు, పిల్లి తన కుర్చీలో సర్దుకుంది. కౌముది తన అట్టని ఈసారి ముందుసభలో చదవలేదు. నిలబడి నేరుగా చదివింది.

"నేను చేసిన గది మనుషుల బదులు 'అభ్యంతరం లేదు' అంటోంది. దానివల్ల సభకి మనుషుల్ని తయారుచేసే నా పని కుంటుతోంది, మనలో ఒకరికి దెబ్బ తగిలింది. గది మూసెయ్యాలి. గొంతులన్నీ చెరిపెయ్యాలి."

పకోడీలకి పిండి కలుపుతున్నవాళ్లు ఆగిపోయారు. రెహానా ముందు లేచింది. "మళ్లీ రాత్రయ్యేదాకా సభలేనా? మళ్లీ గేటు ముందు బిందెలేనా?" అని అడిగింది. కౌముది గోడ మీది జాబితాలో సన్యాసమ్మ వరస చదవమంది. రెహానా వెళ్లి వేలు పెట్టి ఒక్కొక్కటే చదివింది. జల్లెళ్ల దగ్గరికొచ్చేసరికి ఆమె గొంతు సన్నగిల్లింది. తిరిగొచ్చి కూర్చుంది.

అభ్యంతరాల వరస మొదలైంది. లేదు. లేదు. రెహానా తల వంచుకుని లేదంది. ఒక్కో లేదు వినబడ్డప్పుడల్లా మూడేళ్ల కష్టం ఒక్కో ఇటుకే ఊడుతున్నట్టు కౌముదికి అనిపించింది. అయినా ఇదే సరైంది అనుకుంది. ఎప్పటిలాగే చివరి వంతు తలుపు పక్క కుర్చీది. గౌరునాయుడు అటు చూశాడు, పుస్తకంలో రాసుకున్నాడు, తరవాతి అట్ట చేతిలోకి తీసుకున్నాడు.

"నాయుడూ, ఏటి రాసినావు?"

ఆయన తల ఎత్తాడు. సన్యాసమ్మ నిలబడి ఉంది.

"నాను నోరిప్పకుండానే లేదని రాసీసినావు. కొట్టీ. నాకు అబ్యంతరం ఉన్నాది."

గౌరునాయుడు పుస్తకం చూసుకున్నాడు. 'లేదు' అని తన చేతిరాతే ఉంది. పదకొండేళ్ల అలవాటు. యంత్రం ఎవరి దగ్గర నేర్చుకుందో అప్పుడు అందరికీ అర్థమైంది. ఆయన ఆ మాట కొట్టేసి, తప్పైందన్నట్టు చేతులు జోడించి, పనికి ఏం చెరుపో చెప్పమన్నాడు.

"గది మూసీడానికి లేదు" అంది సన్యాసమ్మ. "నాను రోజూ బోయినాలప్పుడు ఆ గదిలోకి ఎల్తన్నాను. నా కుర్చీ ముందర నిలబడి, ఉన్నాదని సెప్పు, ఉన్నాదని సెప్పు, అని దానితో దెబ్బలాడతన్నాను. అది నవ్వుకుంటా లేదంతాది. ఎంత కోపమొచ్చిందో నాకు దాని మీద. పదిరోజులు దెబ్బలాడితే గానీ నాకీ మాట రాలేదు. అది మూసేస్తే నాలాంటోలు ఎక్కడ నేర్చుకోవాల? ఈ సభలో నానొక్కదాన్నే అనుకోకండి. ఇంకా ఉన్నారు. ఆల్ల పేర్లు నాను సెప్పను, ఆల్ల ముల్లు ఆల్లే తెస్తారు."

కౌముది అత్తగారినే చూస్తూ ఉండిపోయింది. వాడకం పుస్తకంలో పేరు లేని మనిషి ఎవరో ఇప్పుడు తెలిసింది. పగిలిన చేత్తో, అన్నం మానేసి, తన గొంతుతో తనే పోట్లాడుకున్న మనిషిని చూస్తుంటే తను చదివిన చదువంతా చిన్నదైపోయింది. ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"మరేం మార్చమంటావు సన్యాసమ్మా?" గౌరునాయుడి గొంతు ఇంతకుముందులా లేదు.

"కుర్చీలు ప్రశ్నలు ఎయ్యనీ, తగువాడనీ. అబ్యంతరం కాడికొస్తే మాత్రం అది నోరు మూసుకోవాల. ఎల్లి ఆ మనిసినే అడుగు అనాల. అంతే."

కౌముది తన అట్ట మీద పాత మాటలు కొట్టేసి కొత్తవి రాసింది. వరస మళ్లీ తిరిగింది. ఈసారి గౌరునాయుడు తలుపు పక్క కుర్చీ దగ్గర కలం పైకెత్తి పట్టుకుని ఆగాడు, ఆవిడ లేదనేదాకా ఏమీ రాయలేదు.

అప్పుడు సన్యాసమ్మ కొంగుముడి విప్పి అట్ట తీసింది. ఎడంచేత్తో రాసిన వంకరటింకర అక్షరాలు, మూల పసుపు మరక. "ఇరవై ఏడు పనులు నా మీదున్నాయి. నాలుగే సెయ్యగల్ను. గొట్టాలు తలా ఒక రోజు కడగాల, ఏలితో తడిమి సూడ్డం నాను నేర్పుతాను" అని చదివింది. రెహానా ఎవరూ అడగకుండానే మొదటి రోజు తనదంది. ఒక్కో పనీ ఎవరిది ఎవరికి వెనక్కి వెళ్లాలో తేలేసరికి పన్నెండు దాటి యాభై నిమిషాలైంది. ఆ నెల పకోడీలు లేవు, ఎవరూ అడగలేదు కూడా.

ఒంటిగంటకి పంపులు వేశారు. మొదట ఒక గుర్రుమనే చప్పుడు, తరవాత మామూలు రొద. సన్యాసమ్మ గోడకి అరచెయ్యి ఆనించి నిలబడింది. వేళ్లకి తెలియకపోయినా అరచేతికి ఆ కంపం తెలిసింది.

"తిరిగిందే" అంది కోడలితో, చిన్నపిల్లలా.

"తిరగదా అత్తా మరి."

వేళ్లకి కొత్త తోలు రావడానికి మూడు నెలలు పట్టింది. చూపుడువేలికి మాత్రం స్పర్శ తిరిగి రాలేదు. ఇక రాదన్నాడు డాక్టరు. సన్యాసమ్మ ఉంగరపు వేలితో తడమడం అలవాటు చేసుకుని, రెహానాకీ ఇంకో ఐదుగురికీ నేర్పింది. వాళ్ల చేతుల్లో ఆ ఏడు రెండు గొట్టాలు కారాయి. ఆ రెండు కారినచోట్లూ సన్యాసమ్మే కూర్చుని వాళ్లచేత మళ్లీ బిగించింది. గౌరునాయుడు పుస్తకంలో 'లేదు' అనే మాట విని రాయడం నేర్చుకున్నాడు. ఆ ఏడాదిలో మరో నలుగురు, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు, మొదటిసారి ఉందన్నారు. సభలు మూడు గంటలకి పెరిగాయి. పై ఊళ్లవాళ్లు గది అడిగితే కౌముది ఇచ్చింది, మార్చిన గదే ఇచ్చింది.

ఏడాది తిరిగాక ఒక అమావాస్యకి నాలుగు రోజుల ముందు కౌముది ఒక అట్టతో ముందుసభకి వెళ్లింది. పొరుగూరి కర్మాగారానికి వేలి పని నేర్పడానికి సన్యాసమ్మని వారానికోరోజు పంపించాలని. కుర్చీలు ప్రశ్నలడిగాయి, గౌరునాయుడి కుర్చీ దగ్గకుండా మాట్లాడింది. వరస మొదలయ్యేచోట గది ఆగింది. వెళ్లి ఆ మనుషుల్నే అడుగు, అంది. కౌముది ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, ఆఖరున ఇంటికొచ్చింది.

వంటింట్లో సన్యాసమ్మ కంచం ముందు కూర్చుని ఉంది. చెంచా గూట్లో ఉంది. పులుసన్నం చేత్తో కలుపుతోంది, చూపుడువేలు కొంచెం పైకి లేపి, మిగతా వేళ్లతో.

కౌముది గడపలోనే నిలబడి అట్ట చదివింది. "అభ్యంతరం ఉందా అత్తా?"

సన్యాసమ్మ ముద్ద చేసుకుంది, నోట్లో పెట్టుకుంది, తొందరేమీ లేకుండా నమిలింది.

"ఆలోసించుకుని సెప్తాను" అంది.